కదిలిన వేలు

అండమాన్‌లోని మాయాబందర్ తోటలో పోకచెట్టు మీంచి పడి వెన్ను విరిగింది యేసు కుమార్‌కి. ఆస్పత్రిలో డాక్టరమ్మ అతని మోకాలి వెనక మిషన్‌తో కరెంటు పెట్టగానే కాలి బొటనవేలు ఎగిరిపడింది.

“స్తోత్రం ప్రభువా! కదిలింది దీదీ!” భార్య దయావతి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

డాక్టరమ్మ ఆమెను వరండాలోకి తీసుకెళ్లింది. “కాలి నరాలు బతికే ఉన్నాయమ్మా. మెదడు పంపే కరెంటే విరిగిన వెన్ను దాటి రావడం లేదు. ఇందాక కదిపింది మా మిషన్.”

“మరి ఎప్పుడొస్తాది దీదీ?”

“ఇక రాదమ్మా.”

దయావతి కళ్లు తుడుచుకుని లోపలికొచ్చింది. వెల్లకిలా పడుకున్న భర్తకు తన పాదాలు కనబడవు.

“దయా, ఇప్పుడు నేనే కదుపుతాను. చూసి చెప్పు.”

ఆమె చూసింది. వేలు కదల్లేదు.

“కదిలిందయ్యా! సచ్చీ, నిజంగా కదిలింది!”

అతను కప్పు వైపే చూస్తూ అన్నాడు.

“నేనింకా కదపనే లేదు, దయా.”