బూటు మొన

నందు గోల్ కొట్టాడు. పక్క గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ అంజన్ అప్పటికే ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదని జెండా ఎత్తేశాడు. బహదూర్‌పురా మైదానమంతా అతని మీదికి ఉరికింది.

"ఏంది భాయ్, కండ్లు కనవడ్తలేవా? వీడియో చూడు!"

టోర్నమెంట్ పెట్టినవాళ్లు ఈసారి గోడ మీద సెల్‌ఫోన్ నిలబెట్టి ఆటంతా తీయిస్తున్నారు. ఆ ఫోన్ అంజన్ చేతికొచ్చింది. నందుకు పాస్ అందించిన చోట వీడియో ఆపి, వేళ్లతో బొమ్మ పెద్దది చేశాడు. నందు బూటు మొన డిఫెండర్ మడమను దాటిందా, లేదా? ఎవరో స్కేలు తెచ్చి తెర మీద ఆనించారు. లొల్లి ముదిరింది.

నందు మాత్రం గోల్‌పోస్టు దగ్గర బోర్లా పడున్నాడు. జెండా లేచినప్పుడల్లా అలిగి నేల మీద పడుకోవడం అతనికి అలవాటే.

"లేపాల్నా?" అన్నారెవరో.

"ఉండనీ, నాటకాలు జేస్తున్నడు. ముందుగాల గిది తేలనియ్యి."

చివరికి తేలింది. మొన దాటలేదు. అంజన్ తల వంచుకుని వెళ్లి నందు భుజం తట్టాడు.

"లే తమ్మీ, గోలే. నాదే గల్తీ."

నందు లేవలేదు.

ఆసుపత్రిలో, దెబ్బ ఎలా తగిలిందని డాక్టర్ అడిగాడు. అంజన్ ఆ వీడియోను మొదటిసారి ఆపకుండా నడవనిచ్చాడు. బంతి వలలో పడింది. ఆ వెంటే నందు తల పోస్టుకు కొట్టుకుంది.

"వెంటనే తెచ్చుంటే దక్కేవాడయ్యా. అప్పటిదాకా ఏం చేస్తున్నారు?"

"గీ వీడియోనే చూస్తున్నం సార్."