బాంబరు తలుపు

గుడిసె మీది డొల్ల అల్యూమినియం పలకని, తాడు కోసి లాగాడు బసవేశ్వరరావు. గుడిసెలోంచి దూకిన అంజమ్మ చేపల కత్తి అతని ముంజేతిని చీల్చింది. నెత్తురు కారుతున్నా అతను వదల్లేదు.

“సముద్రంలో కూలిన బాంబరు విమానానిదమ్మా ఇది! మ్యూజియం కోసం బాపట్లలో మళ్లీ బిగిస్తున్నాం. ఈ తలుపొక్కటే తక్కువ.”

“వదల్రా! ఈసారి మెడ మీదేస్తాను.”

“ఇదేం తలుపో తెలుసా? ఇది తెరిచే ఊళ్ల మీద బాంబులు పడేసేవాళ్లు. జనం మాడి చచ్చేవాళ్లు!”

“నాకేం తెలుసు?” అంది అంజమ్మ. “మొన్న ఉప్పెనకి రేపల్లె దాకా శవాలే. నా పిల్లలిద్దర్నీ దీనికే కట్టి నీళ్లలోకి తోశాను. ఇది వాళ్లని పడెయ్యలేదు.”

బసవేశ్వరరావు చెయ్యి ఆగింది. నెత్తురు వేళ్లతోనే, తను కోసిన తాడుని మళ్లీ ముడేశాడు.

“గట్టిగా బిగించు,” అంది అంజమ్మ, కత్తి దించకుండానే.