సరస్సు చుట్టూ రావమ్మ

స్విట్జర్లాండ్‌లో ఆ కొండల మధ్య సరస్సు చుట్టూ రావమ్మ మళ్లీ బయల్దేరింది. పొద్దుటి నుంచి ఇది రెండో చుట్టు.

చీర కింద బూట్లు, చీర మీద స్వెట్టరు, ముంజేతికి నల్ల వాచీ. పట్టీని ఆఖరి కన్నం దాకా లాగినా అది గాజుల్లో పడి గిలకలా తిరుగుతోంది. వేసిన ప్రతి అడుగునీ, గుండె కొట్టుకోవడాన్నీ అది లెక్కపెడుతుంది. ఆ లెక్కలన్నీ ఒడ్డున బెంచీ మీదున్న మొగుడి ఫోన్లోకీ, గన్నవరంలో డాక్టరుగా ఉన్న కూతురు శ్రీదుర్గ ఫోన్లోకీ వెళ్తాయి.

“అప్పుడే ఆగిపోయావేంటి?” బెంచీ మీంచి తిరుపతిరావు కేకేశాడు. “కానీ, కానీ. చల్లపల్లి పొలం గట్ల మీద పెరిగిన కాళ్లు నీవి. వాటికిదో లెక్కా?”

ఆయనకి గవర్నర్‌పేటలో హోల్‌సేల్ స్టీలు సామాన్ల కొట్టు. జీవితమంతా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి, ఇక్కడ బెంచీ కనబడగానే ప్రాణం లేచొచ్చినట్టు కూలబడ్డాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో క్రీము కేకు.

రావమ్మ ఎలాగో చుట్టు ముగించి వచ్చింది. వాళ్లతో టూరుకొచ్చిన ఛాయాదేవి పక్క బెంచీలో కాఫీ తాగుతోంది.

“ఎంత అదృష్టమండీ మీది,” అంది. “మా ఆయనకి నేను నడుస్తున్నానో, పడుకున్నానో కూడా పట్టదు. మీ ఆయన వాచీ కొనిచ్చి, దగ్గరుండి మరీ నడిపిస్తున్నారు.”

“ఆరోగ్యమే మహాభాగ్యం కదండీ,” అన్నాడు తిరుపతిరావు, మూతికంటిన క్రీము తుడుచుకుంటూ.

రావమ్మకి మోకాళ్లు సలుపుతున్నాయి. వచ్చినప్పటి నుంచి ఆమె కోరిక ఒక్కటే. ఆ నీళ్ల ఒడ్డున కాళ్లు చాపుకు కూర్చుని, కొండల మీది మంచుని తనివితీరా చూడాలి. విమానమెక్కి ఇంత దూరం వచ్చి చూసిందేమిటయ్యా అంటే, తన బూట్ల ముక్కులు.

“రేపు ఆఖరి రోజు కదండీ. రేపైనా కాసేపు కూర్చోనా?” అనడిగింది.

“రేపేగా అసలు నడక. కొండ మీదికి, సాయంత్రం దాకా పడుతుందిట. అది కూడా కానిచ్చేస్తే అమ్మాయి ఇంక నోరెత్తదు.”

రావమ్మకి ఏడుపొచ్చింది. మొగుణ్ణి మనసులోనే నాలుగు తిట్టుకుని మూడో చుట్టుకి లేచింది.

ఆ సాయంత్రం హోటల్లో ఉండగా శ్రీదుర్గ వీడియో కాల్ చేసింది. రావమ్మ కొంగు ముంజేతి మీదికి లాక్కుంది. చలి మరి.

“లెక్కలన్నీ చూశాన్నాన్నా. నమ్మలేకపోతున్నా. గుండె ఎంత బాగా కొట్టుకుంటోందో.”

“నడకకి లోటు లేదమ్మా,” అన్నాడు తిరుపతిరావు, కేకు పళ్లేన్ని ఫోనుకి అందకుండా జరుపుతూ.

“అందుకే రేపు కొండ దారికి నేనే గైడ్‌ని మాట్లాడాను. పొద్దున్నే హోటలుకొచ్చి తీసుకెళ్తాడు. దారి పొడుగునా ఫోటోలు తీసి నాకు పంపుతాడు. తోడొస్తామంటే కుదరదు, కబుర్లలో పడితే నడక సాగదు. రెండోవాళ్లు హాయిగా సరస్సు ఒడ్డున కూర్చోవచ్చు.”

ఫోను పెట్టేసింది. తిరుపతిరావుకి కేకు గొంతులో అడ్డం పడింది.

రావమ్మ ఆయనకి మంచినీళ్లిచ్చి, తన చేతి వాచీ విప్పి ఆయన ముంజేతికి తొడుగుతూ, “మీ షుగరు కోసమని అమ్మాయి కొనిచ్చిన వాచీ ఇన్నాళ్లకి మీ చేతికెక్కింది, రేపు జాగ్రత్తగా నడవండి,” అంది.