లోపలి పిడి

కారు తలుపు లోపలి పిడి మార్లిస్ చేతిలోకి ఊడి వచ్చింది.

మిన్నెసోటా చలికి ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. పిడి లేకపోతే అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకోవాలి. ఆ ఊళ్లో సగం కార్లు అలాగే తిరుగుతాయి.

మార్లిస్‌కి అంత ఓపిక లేదు. సూపర్‌గ్లూ, అది రాయిలా గట్టిపడటానికి పైన చల్లే వంటసోడా తెచ్చుకుని గరాజ్‌లో కారెక్కి కూర్చుంది.

పక్కింటి గోర్డీ తొంగి చూశాడు.

"మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా?"

"వంటసోడా ఇంట్లో ఉండగా మెకానిక్ దేనికి?"

"సరేలే, గరాజ్ తలుపు దించుకో. నారింజ టోపీ ముసలాడు మళ్లీ దిగాడు."



చలి ముదిరితే చాలు, ఆ ముసలాడు పొద్దున్నే వీధిలోకొచ్చి, మూసిన గరాజ్ తలుపులకి చెవి ఆనించి వింటాడు. ఏ ఇంట్లో మనుషుల్లేరో కనిపెడుతున్నాడని వీధంతా తేల్చేసింది. మార్లిస్ ఈ ఇల్లు కొనుక్కుని వచ్చింది మొన్న శరదృతువులోనే. పైగా ఒంటరిది.

గరాజ్ తలుపు దించేసింది.

సోడా చల్లినా చలికి జిగురు పట్టలేదు. ఇంజన్ వేసి, హీటర్ పెట్టి, పిడిని వేళ్లతో అదిమి పట్టుకుంది.

కాసేపటికి తలనొప్పి మొదలైంది. భయం వల్లనే అనుకుంది.

బయట అడుగుల కింద మంచు కరకరలాడింది. ఆ చప్పుడు గరాజ్ ముందు ఆగింది.

చెవి ఆనించాడు!

కారు తలుపులన్నీ లాక్ చేసుకుంది. ఫోన్ అందుకోబోతే చెయ్యి లేవలేదు.

గరాజ్ తలుపు పైకి లేచింది. నారింజ టోపీ!

"ఇంజన్ ఆపు! తలుపు తియ్యి తల్లీ!"

"రాకు... దగ్గరికి రాకు..." ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

మంచు ఎత్తే పార దెబ్బకి కారు అద్దం భళ్లుమంది. తన పని అయిపోయిందనుకుంది మార్లిస్. ముసలాడు ఆమెను చంకల కింద పట్టుకుని మంచులోకి ఈడ్చాడు.

గోర్డీ పరుగెత్తుకొచ్చి అతణ్ని పడగొట్టాడు.

"దొరికాడు దొంగ!"

"ముందు ఆ ఇంజన్ ఆపు బాబూ," అన్నాడు ముసలాడు, ముక్కునుంచి నెత్తురు కారుతుంటే. పోలీసులు బేడీలు వేసేదాకా అదే మాట.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

"మూసిన గరాజ్‌లో ఇంజన్ వేస్తారా? ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు."

అసలు భయం మార్లిస్‌కి అప్పుడు వేసింది.

తేరుకోగానే పళ్లెం నిండా నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు చేసుకుని, ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

ఆయన అక్క తలుపు తీసింది.

"ఐవర్ లేడమ్మా. పోలీసులు వదలగానే అరిజోనా పంపించేశాం, చలన్నదే లేని చోటికి. ఇక్కడే ఉంటే ఎవరో ఒకరు కొట్టి చంపేస్తారు."

"క్షమించమని అడుగుదామని వచ్చాను. వీధి చివరి పచ్చ గరాజ్ ఇల్లు నాదే."

ఆవిడ పళ్లెం అందుకోబోయి ఆగింది.

"ఆ ఇల్లు ఒకప్పుడు మావాడిదే... ఆ గరాజ్‌లోనే వాడి భార్య చలికి ఇంజన్ వేసుకుని కూర్చుని, కూర్చున్నచోటే పోయింది, వీడు వంటింట్లో రేడియో పెట్టుకుని ఆ చప్పుడు వినలేదు."