బుధు చేలో ఇంజన్ షెడ్డు

షెడ్డు పూర్తి కాగానే వెంకటరమణ మాస్టారు ఉద్యోగం, ఊరు రెండూ వదిలేసి వెళ్లిపోతారు. ఆ మాట ఆయనే పొరుగింటి కనకమ్మతో అన్నారు. ఎక్కడికని ఆమె అడిగింది. అది ఇంకా అనుకోలేదన్నారు. పొద్దుగూకేసరికి ఆ మాట ఊరంతా తెలిసింది.

షెడ్డంటే నిజం షెడ్డు కాదు. ప్లైవుడ్ ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ. రైలింజన్లు నిలబెట్టే షెడ్డు. విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో ఆయన భార్య జయశ్రీ ముచ్చటపడి కొంది. వాళ్ల నాన్న ఫైర్‌మన్‌గా పనిచేసిన షెడ్డు అచ్చం ఇలాగే ఉండేదట. వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి చేద్దామంది.

అనంతగిరి దాటాక కొండ మీదున్న ఈ ఊరికి వాళ్లు కిందటేడే బదిలీ మీద వచ్చారు. వానాకాలంలో జయశ్రీకి జ్వరం తగిలింది. ఆమెను ఘాట్ రోడ్డు దాకా డోలీలో మోసిన నలుగురు ఊరివాళ్లలో బుధు ఒకడు. జీపు దొరికింది. కాని ఆలస్యమైంది.

వేసవి సెలవులు వచ్చాయి. మాస్టారు ఒక్కరే తలుపు వేసుకుని బొమ్మ పెట్టె విప్పారు.

మొదటి గోడ నిలబెట్టిన రోజే బుధు కిటికీలోంచి తొంగి చూశాడు.

“ఇదేటి కడతన్నారు మాస్టారూ?”

“ఇంజన్ షెడ్డు.”

“మనూర్లోనా?”

“ఎక్కడా కాదు. ఇది బొమ్మ.”

“డ్యామ్ కట్టినోళ్లు కూడా ముందు బొమ్మే తెచ్చారండి. బల్ల మీద పెట్టి సూపించారు. అందులో మా మావోళ్ల ఊరు లేదు. తరవాత నిజంగానే లేదు.”

మాస్టారు మూడో తరగతికి చెప్పినంత ఓపికగా చెప్పారు. బుధు తల ఊపాడు. మర్నాడు బొగ్గుముక్కతో వచ్చాడు. షెడ్డు అతికించాల్సిన చెక్క మీద ఊరి వాగు, గెడ్డ, గీశాడు. రైలు కట్ట గీశాడు. రెంటికీ మధ్య ఒక డబ్బా గీశాడు.

“ఇది నా సోడి సేను. మీ షెడ్డు దీని మీదే కూకుంది. జిగురు ఆరితే మరి కదలదు కదా. బేగి జరపండి.”

వాదించే ఓపిక లేక మాస్టారు జరిపారు. సాయంత్రానికి సుక్రు వచ్చాడు. జరిపిన షెడ్డు అతని వలిసె చేను మీద పడిందట.

తరవాత కనకమ్మ అంబలి గిన్నెతో దిగింది. కప్పు మీది పొగ గొట్టాలు తన ఇంటివైపు తిరిగి ఉన్నాయని ఆమె ఫిర్యాదు.

“నా మిరియాలు నల్లబడిపోవా?”

“మిరియాలు నల్లగానే ఉంటాయి కదమ్మా.”

“మరీ నల్లబడతాయి బాబూ. ఈ అంబలి తాగేసి గొట్టాలు అటు తిప్పండి.”

“లంచమా?”

“మరేటి!”

ఆయన గిన్నె వెనక్కి నెట్టారు. ఆమె గుమ్మంలో చతికిలబడింది. “లంచం తిరిగిచ్చినోడు పని సెయ్యడు. ఆ మాత్రం మాకు తెలీదా? మీరు తాగేదాకా నాను కదల్ను.”

సర్వీసంతటిలో మాస్టారు లంచం పుచ్చుకోవడం అదే మొదలు.

గొట్టాలు తిరిగాయి. అటువైపు ఇల్లున్న సోములు మర్నాడు అడ్డాకుల్లో కోడికూర తెచ్చాడు. గొట్టాలు మళ్లీ తిరిగాయి. ఇక ఏ పూట లంచం ఆ పూటదే.

ఒకరోజు బుధు షెడ్డు మధ్యలో ఉన్న పొడుగాటి గొయ్యి చూశాడు.

“ఇదెందుకండి?”

“ఇంజను కింద దూరి బాగుచెయ్యడానికి.”

“అయితే నా సేలో గొయ్యి కూడా తీసేత్తారా!” బుధు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “పోనీ, గేటుకాడ జెండా ఊపే ఉద్దోగవైనా నాకు రాయండి.”

“బొమ్మ షెడ్డుకి జెండా ఎందుకురా?”

“బొమ్మ జెండాయే ఊపుతాను.”

మాస్టారు పకపకా నవ్వారు. ఆ చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడి జయశ్రీ కుర్చీ వైపు చూశారు. ఆ పూట అంబలి తెచ్చిన కనకమ్మ ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

సెలవులు ఆఖరి రోజుకొచ్చాయి. షెడ్డు మాత్రం తెమల్లేదు.

“ఇలా కాదు. పద, నీ చేను చూపించు,” అన్నారు మాస్టారు. “దానికి తగలకుండా అక్కడే అతికించేస్తాను.”

చెక్క చంకన, షెడ్డు చేతిలో, జిగురు సీసా జేబులో పెట్టుకుని గుమ్మం దాటారు. ముందు బుధు, వెనక మాస్టారు.

“ఇదేనా?”

“ఇది సుక్రుదండి.”

“మరి అదా?”

“అది సోములుది.”

గెడ్డ దాటారు. కాఫీ తోట ఎక్కారు. దారి పొడుగునా జనం ఆపి, తమ చేను భద్రంగా ఉందో లేదో షెడ్డులోకి తొంగి చూశారు. మాస్టారు మంత్రిగారిలా అందరికీ హామీలిచ్చారు. ఒకామె పనస తొన పెట్టింది. ఆయన అడిగి మరీ ఇంకోటి తిన్నారు. కింద సొరంగంలోంచి గూడ్సు బండి బయటికొచ్చింది. అది వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ నిలబడి చూశారు.

“ఇంకా ఎంత దూరం బుధూ?”

“ఇంకో కొండండి. పొద్దు పోతంది. రేపు సూద్దాం.”

“రేపు బడి ఉంది కదరా.”

“అయితే ఆదోరం.”

మాస్టారు షెడ్డు వైపు చూశారు. తీసిన జిగురు సీసా మళ్లీ జేబులో వేసుకున్నారు.

“సరే, ఆదివారం.”

బుధుకి సెంటు భూమి కూడా లేదన్న సంగతి ఊళ్లో మాస్టారికి తప్ప అందరికీ తెలుసు.