రోజ్‌విటా మతిమరుపు

"ఆ చలికాలం నేను తలుపు..." అని ఆగిపోయింది రోజ్‌విటా.

వేదిక అంచున, ప్రేక్షకులకు కనబడని పెట్టెలో కూర్చున్న గుడ్రున్ తలెత్తి, "వేయలేదు, ఎవరైనా వస్తారేమోనని" అంటూ గుసగుసగా అందించింది. ఆ సాయంత్రం అది ఐదోసారి.

ఇరవై ఆరేళ్లుగా గుడ్రున్ ఆ థియేటర్లో ప్రాంప్టర్. మోకాళ్లు అరిగాయి, మెడ పట్టేసింది. వార్నెమ్యూండెలో సముద్రం ఒడ్డున ఉంటున్న చెల్లెలు ఎల్కె "ఇంక చాల్లేవే, వచ్చెయ్" అని పోరుతోంది. వెళ్లిపోవాలని గుడ్రున్‌కూ ప్రాణం లాగుతోంది. రెండేళ్ల కిందట థియేటర్ డైరెక్టర్ ల్యూడర్స్ ప్రాంప్టర్ పోస్టు తీసేస్తానంటే అందరూ అయ్యో అన్నారు గాని, ఆమె లోలోపల హమ్మయ్య అనుకుంది. ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ చలికాలమే రోజ్‌విటాకు మతిమరుపు పట్టుకుంది.

రోజ్‌విటా అంటే మాటలా! నలభై ఏళ్ల నటన, పదకొండు సినిమాలు. ఎప్పుడో టీవీలో వేసిన పడవ కెప్టెన్ పాత్రను తలచుకుని సంతలో చేపలమ్మేవాళ్లు ఇప్పటికీ "కెప్టెన్ గారూ" అని పిలుస్తారు. అలాంటి మనిషిని వేదిక మీద నోరు తెరుచుకుని నిలబడమని వదిలేసి ఎలా పోవడం?

ప్రదర్శన అయ్యాక మేకప్ గదిలో రోజ్‌విటా ముఖానికున్న రంగు తుడుచుకుంటోంది.

"ఏమే, ఇవాళ ఎన్నిసార్లు?"

"ఐదు."

"పోయినసారి నాలుగే కదా! ముదురుతోందన్నమాట."

"నవ్వకు. డాక్టరుకు చూపించుకో."

"డాక్టరొచ్చి నా డైలాగులు చెబుతాడా? నువ్వున్నావుగా."

"సరే గాని, హాంబర్గ్ సినిమావాళ్లు ఏమన్నారు?"

రోజ్‌విటా దూది పక్కన పడేసింది. "వేరే ఆవిడను పెట్టుకున్నారట. మాటలు మరిచిపోయే ముసలిదాన్ని ఎవరు పెట్టుకుంటారే?"

గుడ్రున్ ఆ దూది తీసి బుట్టలో వేసింది. పదేళ్ల తర్వాత వచ్చిన పెద్ద పాత్ర అది. "బాధగా లేదూ?"

"ఎందుకుండదు? రెండు రాత్రులు నిద్ర లేదు. అలిసిపోయానే గుడ్రున్, నిజంగా అలిసిపోయాను. నా సంగతి వదిలెయ్. ఆ పెట్టె లేకపోతే నీకసలు పొద్దుపోతుందా?"

"ఎలా పోతుందీ? మొగుడా, పిల్లలా? నాకున్నది అదొక్కటే" అని అబద్ధమాడింది గుడ్రున్. తనమీద జాలితోనే ఆగిందని తెలిస్తే అభిమానవంతురాలైన రోజ్‌విటా తట్టుకోలేదు.

బయటికి రాగానే ల్యూడర్స్ ఎదురుపడ్డాడు. "గుడ్రున్ గారూ, రోజ్‌విటా గారికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నా. కుర్రవాళ్లకు ప్రాంప్టర్ అక్కర్లేదు. ఆవిడ తడబాటు వల్లే మీ పోస్టు నిలబడింది. ఆవిడ సొంతంగా ఆట గట్టెక్కించిన రోజున తీసేస్తాను."

"అది జరిగే పని కాదండీ."

"అలాగైతే ఆవిడకు ఇంకెన్నాళ్లు పాత్రలివ్వాలో కూడా ఆలోచించాలి."

ఆ మాటతో గుడ్రున్‌కు వెళ్లిపోవచ్చన్న కాస్త ఆశా పోయింది. శనివారం రైలెక్కి చెల్లెలి దగ్గరికి వెళ్లింది.

"ఈ ఏడూ రాలేనే" అంది.

ఎల్కె భగ్గుమంది. "ఆవిడేమైనా నీ కూతురా?"

"కూతురైతే నాలుగు తిట్టి వచ్చేసేదాన్ని."

ఆదివారం ఆట మధ్యాహ్నం మూడింటికి. పట్టాల మీద చెట్టు కూలిందని తిరుగు రైలు పొలాల మధ్య ఆగిపోయింది. రెండు గంటలు కదల్లేదు. గుడ్రున్ స్టేజి మేనేజర్ ఎక్‌హార్ట్‌కు ఫోన్ చేసింది.

"మొదలుపెట్టకు బాబూ! నేను లేకపోతే ఆవిడ పరువు పోతుంది!"

"హాలు నిండిపోయింది. ల్యూడర్స్ ఊళ్లో లేడు. ఆవిడేమో కానివ్వమంది. నన్నేం చేయమంటారు?"

గుడ్రున్ థియేటర్ చేరేసరికి ఐదు దాటింది. మెట్లమీద పడుతూ లేస్తూ వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చింది. నడవాలోని స్పీకర్లో రోజ్‌విటా గొంతు వినిపిస్తోంది.

"ఎన్నిసార్లు ఆగింది?" అని రొప్పుతూ అడిగింది.

ఎక్‌హార్ట్ కళ్లు పెద్దవి చేశాడు. "ఒక్కసారీ లేదండీ! మూడో అంకంలో ఉన్నాం. గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తోంది. దేవుడు దయ తలిచాడు."

గుడ్రున్‌కు ఏడుపొచ్చింది. అయితే నయమైపోయిందన్నమాట! ఇంక వెళ్లిపోవచ్చు. రేపే ఎల్కెకు ఫోన్ చేయాలి. ఈ ఒక్కరోజు కళ్లారా చూద్దామని వేదిక కిందినుంచి పాక్కుంటూ వెళ్లి పెట్టెలో కూర్చుంది. పుస్తకమైనా తెరవలేదు.

పైన రోజ్‌విటా ఒంటరిగా నిలబడి, నాటకంలోకెల్లా పొడుగాటి డైలాగు చెబుతోంది. ఒక్క అక్షరం పొల్లుపోవడం లేదు. హాలంతా ఊపిరి బిగబట్టి వింటోంది. అలా చెబుతూ చెబుతూ వేదిక అంచుకు వచ్చి తల దించింది.

గుడ్రున్‌ను చూడగానే మాట మరిచిపోయింది.