కిటికీలో గోలీల డబ్బా

“బావా, గోలి ఏసుకున్నవా?”

పొద్దున్నే వంటింట్లోంచి పెళ్లాం స్వరూప తన అక్క మొగుణ్ని అడిగే ఆ మాట వింటే బిక్షపతికి కడుపులో కారం పోసినట్టయ్యేది. బైపాస్ అయింది ఆ బావ ఒక్కడికేనా? తన గొంతు కింది నుంచి బొడ్డు పైదాకా కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది.

“కాలి నరం తీసి గుండెకు కుట్టినం. దాంట్ల రక్తం గడ్డ కడితే పాణం మీదికొస్తది. గోలి ఒక్కరోజు తప్పొద్దు” అన్నాడు ఆపరేషన్ అయినప్పుడే సూర్యాపేట డాక్టరు. కానీ సగం ధరకు దొరికే ఆ తెల్లగోలీల మీద బిక్షపతికి నమ్మకం కుదరలేదు. పది రోజులు పెరట్లోకి విసిరేశాడు. అవి స్వరూప కంటబడ్డాయి. ఆమె తిట్టలేదు, ఏడ్చింది.

ఆ వారమే ఆమె అక్క మొగుడు జితేందర్ కోదాడ నుంచి నేరేడుచర్లలోని వీళ్లింట్లో దిగాడు. తనకూ హైదరాబాద్‌లో గుట్టుగా బైపాస్ అయిందన్నాడు. బిడ్డ కానుపుకని భార్య మిర్యాలగూడలో ఉందట, వండిపెట్టే దిక్కు లేదట.

ఇక చూడాలి మర్యాదలు! ఫ్యాను ఆయన వైపే. ఆయన కోసమని ఇంటిల్లిపాదికీ ఉప్పు తక్కువ కూరలు. ఆయనేమో ఎండలు మండుతున్నా మెడదాకా గుండీలు పెట్టుకుని దొరలా కూర్చునేవాడు.

“కుట్లకు గాలి తగలకూడదన్నారు తమ్ముడూ” అనేవాడు. ఆపైన రోజుకో గడి ఉన్న తన డబ్బా తెరిచి గులాబీ రంగు గోలీలు చూపించేవాడు. “పెద్దాసుపత్రివి. మీ ఊళ్లో దొరకవులే.”

“నాకు గూడ అవే తెప్పియ్యరాదు?” బిక్షపతి పెళ్లాన్ని అడిగాడు.

“అవి బావకు రాసినయి. నువ్వు ముట్టకు.”

ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడు జితేందర్ డబ్బాను కిటికీలో వదిలి, స్నానానికి పోయి గడియ పెట్టుకోగానే, బిక్షపతి ఆనాటి గడిలోని గోలి తీసి గుటుక్కున మింగాడు. ఖాళీ గడి చూసుకున్న జితేందర్, “వేసుకున్నానమ్మా” అని స్వరూపకు బదులిచ్చాడు.

అది మొదలు రోజూ అదే తంతు. ‘గడ్డ కడితే ఆయనకే కట్టనీ. మరదలు సేవ చేస్తది గద!’

నెల తిరిగింది. సూర్యాపేటలో డాక్టరు పరీక్షలన్నీ చూసి నవ్వాడు. “రక్తం మంచిగ పారుతున్నది. గోలి ఒక్కనాడు గూడ తప్పలేదు గదా?”

బిక్షపతి మీసం దువ్వుకున్నాడు. స్వరూప బయటికి పోయి ఎవరికో ఫోన్ చేసి వచ్చింది.

బస్సులో అతనికి లోపల్లోపల భయం, దాని అడుగున రవ్వంత సంతోషం. నెల రోజులు గోలి లేని మనిషి గుండె ఇప్పుడెట్లుందో!

ఇంటికి వచ్చేసరికి జితేందర్ సంచి సర్దేసి, ఆరుబయట నల్లా కింద మొదటిసారి చొక్కా విప్పి నీళ్లు పోసుకుంటున్నాడు.

ఆ ఛాతీ మీద ఒక్క కుట్టు గీత కూడా లేదు.